అడుగులు వినే పెట్టె

ఇన్‌స్పెక్టర్ రంగనాథ్ తలుపును ఎంత జోరుగా తోశాడంటే, అది గోడకు కొట్టుకుని మళ్ళీ అతని మీదికే వచ్చింది.

“మెల్లగా!” గదిలో ఉన్న ఇద్దరూ ఒకేసారి అరిచారు.

అరిచి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆ లేబొరేటరీని నడిపే ప్రొఫెసర్ అరుంధతి. రెండోవాడు ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న మనోజ్. ఏళ్ళ తరబడి ఆ గదిలో తలుపు మెల్లగా వేయడం, వట్టికాళ్ళతో నడవడం, గొంతు తగ్గించి మాట్లాడడం అలవాటైపోయింది. ఇప్పుడా అవసరం లేదు. చప్పుడుకు ఉలిక్కిపడే వస్తువు అక్కడ లేదు.

డిటెక్టివ్ సైమన్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అప్పటికే అక్కడున్న రెండు జతల పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ బూట్లతోనే నడిచాడు.

“ఏం సార్, మళ్ళీ వచ్చినారే?” రంగనాథ్ వెనక్కి తిరిగి నవ్వాడు. “నేను యాడికి పోతే ఆడికి మీరు. నా నీడకైనా అప్పుడప్పుడు సెలవుంటాది గానీ మీకు లేదు.”

“సుగుణమ్మగారు రమ్మన్నారు ఇన్‌స్పెక్టర్ గారూ. భర్త లాకప్పులో ఉన్న మనిషి. కాదనలేకపోయాను.”

“మీ చర్చి మనిషి గాబట్టి దొంగ గాదంటారు. అంతే గదా?”

“దొంగ కాదని నేనింకా అనలేదు. దొంగ అని మీరే తొందరపడి అన్నారు.”

రంగనాథ్ నవ్వు ఆగిపోయింది. “సాయంత్రం ఐదుకు సామ్యేలును మేజిస్ట్రేటు ముందర నిలబెడతాండా. మీ సోది అంతా ఆ లోపల చెప్పుకోండి. ఆ తర్వాత నేను వినను.”

గోడ గడియారం మూడు కావస్తున్నట్టు చూపిస్తోంది. రెండు గంటల పైచిలుకు. ఈలోగా సుగుణమ్మ భర్త సామ్యేలు నిర్దోషి అని తేలకపోతే, దేశానికి పనికొచ్చే పరికరాన్ని పరాయివాళ్ళకు అమ్మినవాడిగా అతని పేరు రేపు పేపర్లో పడుతుంది. ఆ తర్వాత కోర్టు ఏమన్నా, తార్నాకలో ఎవరూ అతని చేతికి ఒక గాజు గ్లాసు కూడా ప్యాకింగుకు ఇవ్వరు.

వినడానికి విషయం చిన్నదే. అరుంధతి తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద పొడుగాటి పేరుంది గానీ లేబొరేటరీలో అందరూ దాన్ని ‘చెవి’ అనేవారు. భూమి లోపలి అదురును వినే చెవి. వెంట్రుకంత సన్నని స్ప్రింగు మీద వేలాడే ఇత్తడి గుండు, చుట్టూ ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు, పైన ఒక చిన్న డయలు. కారిడార్ చివర పిల్లి నడిచినా డయల్లో ముల్లు కదిలేదని చెప్పుకునేవారు. దాన్ని పరీక్షల కోసం జర్మనీ పంపాలి. గుడ్ ఫ్రైడే నాడు, యూనివర్సిటీకి సెలవని గొడవ లేకుండా ఉంటుందని, ఆ రోజే ప్యాకింగ్ పెట్టుకున్నారు. పెట్టె ఆ రాత్రి తార్నాకలో, ప్యాకింగు పని చేసే సామ్యేలు షెడ్డులో ఉంది. శనివారం విమానం ఎక్కింది. ఆదివారం బొంబాయి కస్టమ్స్ వాళ్ళకు ఏం అనుమానం వచ్చిందో మూత తెరిచారు. చెవి ఉండాల్సిన చోట రుబ్బురోలు పొత్రం ఉంది.

సోమవారం పెట్టె తిరిగి హైదరాబాదు వచ్చింది. సామ్యేలు లాకప్పులోకి వెళ్ళాడు. ఇవాళ మంగళవారం.

“పెట్టె చూడొచ్చా?” అన్నాడు సైమన్.

“చూడండి. అందులో పొత్రముండాది. ఇంటికి తీసకపోయి దోసెలు పోసుకుంటారేమో.”

సైమన్ పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. చక్కని పనితనం. బయట ప్లైవుడ్డు పెట్టె, మూలలకు ఇనుపరేకు, పైన బాణం గుర్తులు, గాజు గ్లాసు బొమ్మ, గొడుగు బొమ్మ. లోపల తడి తగలకుండా తారుకాగితం, తేమ పీల్చే మందు పొట్లాలు. అన్నిటికీ మధ్యన చెవి ఆకారానికి సరిగ్గా కోసిన మందపాటి ఫోమ్. పసిపిల్లను పడుకోబెట్టడానికి చేసిన పక్కలా ఉంది అది. ఆ పక్క మీద పొత్రం అడ్డదిడ్డంగా కూలబడి ఉంది. అది దొర్లకుండా అటొకటి ఇటొకటి చెక్కబద్దలు అడ్డంపెట్టి లోపలి గోడలకు మేకులు కొట్టారు. ఒక మేకు వంకరపోయింది. దాని పక్కనే చెక్క మీద సుత్తి దెబ్బ తాలూకు గుంట.

“మూతకు మేకులు లేవు. అన్నీ స్క్రూలే,” అన్నాడు సైమన్.

“సామ్యేలు మూతకు ఎప్పుడూ మేకు కొట్టడండీ,” అంది అరుంధతి. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లగా, మనిషి నాలుగు రోజుల జ్వరం నుంచి లేచినట్టుంది. “లోపల ఇలాంటి వస్తువు ఉన్నప్పుడు పెట్టె మీద సుత్తి పడకూడదు. ఒక్క దెబ్బ చాలు, స్ప్రింగు తెగిపోతుంది. ప్యాకింగు చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే.”

“ఈ రూమ్‌లో డోర్ గట్టిగా వేసినా మేడమ్ క్లాస్ పీకుతరు సార్,” అన్నాడు మనోజ్. కంప్యూటర్ బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెన్ను. ఆ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. “హ్యామర్ సౌండ్ అయితే ఛాన్సే లేదు.”

“శుక్రవారం మీరు ఎక్కడున్నారు బాబూ?”

“హాలిడే కదా సార్. అడిక్‌మెట్‌ల నా రూమ్‌లనే పండుకున్న. అడ్రస్ లేబుల్ గురువారమే టైప్ చేసి ఇచ్చేసిన.”

సైమన్ తల ఊపి, బద్దలను వేలితో నొక్కి చూశాడు. కదల్లేదు. పొద్దున లాకప్పులో సామ్యేలు చెప్పిన మాట గుర్తొచ్చింది. “పెట్టె మాట్లాడకూడదండి. మూత బిగించాక చెంప ఆనించి ఇటూ అటూ ఊపి చూస్తాను. లోపల కిర్రుమన్నా కిసుక్కుమన్నా మళ్ళీ విప్పుతాను. ఆ రోజు గుడి నుంచి వచ్చాక కూడా ఊపి చూశాను. మాట్లాడలేదండి.” సామ్యేలు ఇంకొకటి కూడా చెప్పాడు. “మేడమ్ గారు మంచావిడండి. ‘నువ్వు పన్నెండింటికి గుడికి వెళ్ళాలిగా, వెళ్ళు. మూత నేను బిగించి సీల్ వేస్తాను’ అన్నారు. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధన నేనెప్పుడూ మానలేదండి.” లాకప్పులో కూర్చుని కూడా అతను ఆ చిన్న దయను తలుచుకుంటున్నాడు.

“ఇంక ఇనుకోండి,” రంగనాథ్ బల్ల అంచు మీద కూర్చున్నాడు. “పన్నెండుకు సామ్యేలు యంత్రాన్ని ఇందులో పెట్టి చర్చికి పోయినాడు. ఒంటిగంటకు మేడమ్ మూత బిగించి సీలు వేసినారు. మేడమే చెప్పినారు. ఊడ్చే ఆమె లింగమ్మ గూడా చెప్పింది. మూడు దాటినాక సామ్యేలు వచ్చి సీలేసిన పెట్టెను తార్నాకకు తోలకపోయినాడు. రాత్రంతా వాని షెడ్డులో. ఆడ మేకుల డబ్బా ఉండాది, సుత్తి ఉండాది. సీలు తీసి మళ్ళీ వేసేది వానికి ఎంతసేపు పని? యంత్రం వాని దగ్గర్నే ఉండాది. మా వాళ్ళు ఇప్పుడు ఆ షెడ్డులోనే ఉండారు. పెట్టెలన్నీ గునపాలతో పగలగొట్టి చూడమని చెప్పొచ్చినా.”

అరుంధతి చేతిలోని కళ్ళజోడు కింద పడింది.

సైమన్ వంగి దాన్ని తీసి ఇచ్చాడు. అద్దం పగల్లేదు. ఆమె దాన్ని పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది.

“లింగమ్మతో ఒకసారి మాట్లాడతాను,” అన్నాడు.

“నేను మాట్లాడినా గదా!”

“మీరు మాట్లాడారు. నేను వినలేదు కదండీ.”

లింగమ్మ కారిడార్ చివర, మెట్ల కింద ఉన్న తన చిన్న గదిలో కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్‌ను చూసి చటుక్కున లేచింది. చీపుళ్ళు, బకెట్లు, ఒక బల్లపీట. ఉన్న ఒక్క పీటనూ చీర కొంగుతో తుడిచి సైమన్ వైపు జరిపింది.

“కూసోన్రి సారు. ఎండల వడి వచ్చినట్టున్నరు. నీళ్ళు తాగుతరా?”

కుండలో నీళ్ళు. సైమన్ గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. పొద్దుటినుంచి ఎవరూ అతన్ని నీళ్ళు తాగుతావా అని అడగలేదు. భుజాన బరువైన గుడ్డసంచి. భార్య గ్లోరీ పోయే ముందు ఏడాది కుట్టిన సంచి అది. కింద తడిగా ఉంటే ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు.

“ఇటియ్యున్రి, కింద వెట్టకున్రి. తడైతది.” లింగమ్మ సంచి అందుకుంది. “గా సీలకు తగిలిస్త.”

గోడకున్న మేకుకు సంచి తగిలించింది.

సైమన్ నోటి దగ్గర గ్లాసు అలాగే ఆగిపోయింది.

“ఏమన్నావమ్మా?”

“ఏమన్లే సారు. సీలకు తగిలిస్తనన్న.”

“దీన్నేమంటారు?” సైమన్ లేచి గోడకున్న మేకును వేలితో తట్టాడు.

“సీల. ఏంది సారు, మీ దిక్కు సీలలుండయా?” లింగమ్మ నవ్వింది.

సైమన్ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

“లింగమ్మా, శుక్రవారం మధ్యాహ్నం ఏం జరిగిందో ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పావట. అదే మాట నాకూ చెప్పు. ఒక్క అక్షరం మార్చకు.”

“చెప్పుడేముంది? సెలవైనా కారిడార్ తుడుద్దామని వచ్చిన. ఒంటిగంటైతుండె. అమ్మ గదిల సీలలు గొట్టిన్రు. అదే చెప్పిన.”

“సీలు గొట్టిన్రు అన్నావు!” రంగనాథ్ అరిచాడు.

“సీలలు అన్న సారు. మీరు రాసుకునేదాంట్ల ఉరుకులాడిన్రు.”

“దేంతో కొట్టారు?” అన్నాడు సైమన్.

“దేంతోని గొడ్తరు? సుత్తెతోని. టక్కు టక్కుమని, ఆగుడు, మల్ల టక్కుటక్కు. నాకు గుబులైంది. గా గదిల చీపురు ఈన విరిగినా కసురుకుంటరు గద, ఇయ్యాల సీలలు గొడ్తున్నరేందని.”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “సీల అంటే... మొలనా?”

“మీ అనంతపురంలో మొల. మా తెనాలిలో మేకు,” అన్నాడు సైమన్. “ఇక్కడ సీల.”

“మీరు ఏమన్నా అనుకోన్రి,” అంది లింగమ్మ, “గోడల దిగేది అయితే గదే.”

రంగనాథ్‌కు కోపం రావాల్సిన చోట నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

“కొట్టిందెవరమ్మా?” సైమన్ అడిగాడు. “మనోజా?”

“మనోజ్ బాబు ఆ దినం రానేలేడు.”

“అతన్ని ‘రానేలేడు’ అన్నావు. ‘కొట్టిన్రు’ అని మర్యాదగా ఎవర్ని అన్నావు?”

లింగమ్మ ముఖంలో నవ్వు పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గదిలో ఆమె అంత గౌరవంగా పిలిచే మనిషి ఒక్కరే.

“నన్నెవరు అడగలే సారు. అడిగితే చెప్పకపోదునా? గుమ్మంకాడ అమ్మ చెప్పులే ఉండె. ఆ పొత్రం కూడ...” తడబడింది. “మా ఇంటిదే. ఆ దినం పొద్దుగాల అమ్మ అడిగిన్రు. ఎందుకని నేను అడగలే. ఇన్నేండ్లల్ల ఆమె నన్ను ఒక్కటన్న అడగలేదాయె.”

సైమన్ ఆమె భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, సంచి తీసుకుని లేబొరేటరీ వైపు పరుగులాంటి నడకతో నడిచాడు. పక్కన రంగనాథ్ బూట్లు టకటకలాడుతున్నాయి.

“మనోజ్ గారూ, మీరు కాసేపు బయట ఉండండి,” అన్నాడు సైమన్ లోపలికి వస్తూనే. మనోజ్ ఏదో అనబోయి, ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి బయటికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా పడింది.

“అమ్మా,” సైమన్ అరుంధతికి ఎదురుగా నిలబడ్డాడు. “లోపల చెవి ఉంటే ఈ పెట్టె మీద ఎవరూ సుత్తి ఎత్తరు. అది మీరే చెప్పారు. ఒంటిగంటకు మీరు ఇందులో మేకులు కొట్టారు. అంటే ఒంటిగంటకే ఇందులో చెవి లేదు. మూత బిగించి సీల్ వేసినప్పుడు లోపల పొత్రం ఉందని మీకు తెలుసు. సామ్యేలు వచ్చి పెట్టెను ఊపి చూస్తాడనీ తెలుసు. పొత్రం దొర్లితే పెట్టె మాట్లాడుతుంది. అందుకే మేకులు.”

ఆమె కుర్చీలో కూలబడింది.

“గుడికి వెళ్ళమని మీరు అతనికిచ్చిన సెలవును అతను లాకప్పులో కూడా తలుచుకుంటున్నాడు,” అన్నాడు సైమన్. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె తట్టుకునేదేమో.

“రెండు రాత్రుల్నుంచి నిద్ర లేదండీ,” అంది. “చెవి నాదే. దాన్ని నేను దొంగిలించలేదు, దాచాను. గురువారం రాత్రి లేబుల్ చూశాను. ఊరు అదే, వీధి వేరే. జర్మనీకి ఫోన్ చేస్తే అక్కడి ప్రొఫెసర్ ‘మా అడ్రసు మారలేదే’ అన్నాడు. అది ఎవరిదో కంపెనీ అడ్రసు. ఈ చెవి భూకంపాలే కాదు, భూమి లోపల ఎవరైనా దొంగచాటుగా పేల్చే బాంబుల్ని కూడా వింటుంది. అలాంటివి దాచుకోవాలనుకునేవాళ్ళకు ఇదెలా వింటుందో తెలిస్తే చాలు. పంపడం మానేస్తే లేబుల్ మార్చినవాడు జాగ్రత్తపడతాడు. అందుకని రాయి పంపాను. తీసుకోవడానికి వచ్చేవాణ్ణి అక్కడి పోలీసులకు పట్టిస్తానని ఆ ప్రొఫెసర్ అన్నాడు. బొంబాయిలోనే తెరుస్తారని నేనెక్కడ అనుకున్నాను?”

“సామ్యేలును పట్టుకున్నప్పుడన్నా చెప్పొచ్చు గదమ్మా!” రంగనాథ్ బల్ల మీద గుద్దాడు.

“ఎవరికి చెప్పను? మీ పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. ఆధారం లేదని రెండు రోజుల్లో మీరే వదిలేస్తారనుకున్నాను. తప్పు చేశాను.”

“ఇప్పుడు యాడుంది అది?”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని గడియారం వైపు చూసింది. “సామ్యేలు మొదట చేసిన పెట్టె కాస్త పెద్దదైపోతే పక్కన పెట్టాం. చెవిని అందులో పెట్టి, ‘పాత మైక్రోస్కోపు, నేను అడిగేదాకా షెడ్డులో ఉంచు, ఎవరికీ చెప్పకు’ అని ఆ శుక్రవారమే అతని బండిలో పంపాను. ఎవరికీ చెప్పకన్నానని అతను మీ దెబ్బలకు కూడా చెప్పలేదు.” “మీ వాళ్ళు ఇప్పుడు గునపాలతో పగలగొడుతున్నది ఆ షెడ్డే.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

గుమ్మం దాటిన సైమన్ చెప్పుల కోసం కిందికి చూసి ఆగిపోయాడు. తనవి ఉన్నాయి. అరుంధతివి ఉన్నాయి. మూడో జత లేదు.

“లేబుల్ టైప్ చేసిన మనోజ్ ఏడి?”

“ఇప్పుడే ఉరికిండు సారు,” లింగమ్మ మెట్ల మీది నుంచి చెయ్యి చూపించింది. “గింతసేపు తలుపుకే చెవి వెట్టి నిలబడ్డడు. తర్వాత స్కూటర్ తీస్కొని ఒక్కటే పోకడ!”

జీపు ఎలా నడిచిందో డ్రైవరుకైనా గుర్తుండదు. క్యాంపస్ రోడ్డు మీద సైకిళ్ళు అటూ ఇటూ చెదిరిపోయాయి. అతను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. వెనక సీట్లో అరుంధతి ప్రతి గుంతకూ కళ్ళు మూసుకుంటోంది, ఆ దెబ్బలు తన ఒంటికి తగులుతున్నట్టు.

తార్నాకలో మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరగ్గానే చెక్కలు విరుగుతున్న చప్పుడు.

షెడ్డు లోపల కొంపలంటుకున్నట్టుంది. పగిలిన పెట్టెలు, చిందిన ఫోమ్ ముక్కలు, గాలికి లేస్తున్న రంపపు పొట్టు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గునపాలు పట్టుకుని ఒక మూల నిస్సహాయంగా నిలబడ్డారు. వాళ్ళ ఎదురుగా ఒక పెట్టె మీద, చేతులు కట్టుకుని, తలమీద ముసుగు సర్దుకుని సుగుణమ్మ కూర్చుని ఉంది.

“లేమ్మంటే లేవట్లేదు సార్!” అన్నాడొక కానిస్టేబుల్.

“లేవను నాయనా,” అంది సుగుణమ్మ. “మిగతావన్నీ మావి. పగలగొట్టుకోండి. ఇది పరాయివాళ్ళ పెట్టె. మేడమ్ గారు అడిగేదాకా ఎవరికీ ఇవ్వొద్దని మా ఆయన చెప్పెళ్ళారు. ముందు నన్ను పొడవండి, తర్వాత దీన్ని పొడవండి.” గుమ్మంలో సైమన్‌ను చూసి కట్టుకున్న చేతులు విప్పింది. “వచ్చారా అన్నయ్యగారూ!”

“వచ్చానమ్మా. సామ్యేలు కూడా వస్తాడు.” సైమన్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

రంగనాథ్ గునపాల వైపు, పగిలిన పెట్టెల వైపు, ఆ పెట్టె మీద కూర్చున్న మనిషి వైపు చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఒరేయ్, జీపు తీసకపోయి సామ్యేలును పిలచకరాండి. సంకెళ్ళు గింకెళ్ళు లేకుండా, ముందర సీట్లో కూర్చోబెట్టుకోని. నువ్వు అడిక్‌మెట్ పో. మనోజ్ రూము. వాడు మూటాముల్లె సర్దేలోపల పట్టుకోవల్ల.” తర్వాత సుగుణమ్మతో, ఎటో చూస్తూ, “నీళ్ళన్నా తాగినావామ్మా పొద్దుటినుంచి?” అన్నాడు.

జీపు వెళ్ళిపోయింది. షెడ్డు తలుపు మూశారు. అరుంధతి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సైమన్ సామ్యేలు పనిముట్లలోంచి స్క్రూడ్రైవరు తీసి ఒక్కో స్క్రూ విప్పాడు. తొందరపడుతున్న చేతిని తానే మందలించుకుంటూ విప్పాడు. మూత లేచింది. ఫోమ్ పొరలు, తేమ పొట్లాలు. వాటి మధ్య, పాత శాలువాలో చుట్టిన చెవి.

“బాగుందా?” సుగుణమ్మ గుసగుసగా అడిగింది, పురిటిగదిలో అడిగినట్టు.

“వినిపిస్తే బాగున్నట్టు.” అరుంధతి బ్యాటరీ తగిలించింది. ప్రయాణంలో గుండు కదలకుండా పట్టి ఉంచే లాకు మరను మెల్లగా వదులు చేసింది. “ఎవరూ కదలకండి. ఊపిరి కూడా మెల్లగా.”

డయల్లో ముల్లు ఒక్కసారి వణికి, లేచి, ఊగింది.

అరుంధతి చెంపల మీదుగా నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు. “బతికే ఉంది,” అంది.

మెయిన్ రోడ్డు మీద లారీ పోయింది. ముల్లు బద్ధకంగా అటూ ఇటూ ఊగి నిలబడింది. రంగనాథ్ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా పెద్దవయ్యాయి. “అబ్బా! రోడ్డు మీది లారీని ఈడ్నించి పట్టిందా?”

“లారీ అయితే ఇలాగే నెమ్మదిగా ఊగుతుంది,” అందామె. “మనం నడిస్తే చిన్నగా, ముక్కలు ముక్కలుగా కొడుతుంది.”

ముల్లు మళ్ళీ కదిలింది.

చిన్నగా. ముక్కలు ముక్కలుగా.

“ఎవరండీ కదిలేది?” అరుంధతి విసుక్కుంది.

ఎవరూ కదల్లేదు. సైమన్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ రాతిబొమ్మలా ఉన్నాడు. సుగుణమ్మ ఊపిరి బిగబట్టుకుని చేతులు జోడించి ఉంది. చెవులు రిక్కించినా బయటినుంచి ఏ చప్పుడూ లేదు. ముల్లు మాత్రం కొడుతూనే ఉంది. టిక్, టిక్, టిక్. ఒక్కో దెబ్బా ముందు దానికన్నా పెద్దది.

“వెనక గోడ,” సైమన్ పెదవులు మాత్రమే కదిలాయి. “వట్టికాళ్ళతో నడుస్తున్నాడు. ఆ గదిలో నేర్చుకున్న నడక.”

రంగనాథ్ చెయ్యి నడుము దగ్గరి రివాల్వర్ మీదికి పోయింది. ఇప్పుడతను సైమన్ వైపు వెటకారంగా చూడలేదు. ఎటువైపు నిలబడమంటావన్నట్టు చూశాడు. సైమన్ కళ్ళతోనే తలుపుకు ఎడమపక్క చూపించి, సుగుణమ్మను రెక్కపట్టి పెట్టెల చాటుకు నడిపించాడు. ముల్లు వాళ్ళ అడుగులనూ లెక్కగట్టి, వాళ్ళు ఆగగానే ఆగింది.

మళ్ళీ మొదలైంది. ఈసారి అరుంధతి డయలు మీద వేలు పెట్టి ఒక దెబ్బనూ, వెంటనే దాని తోక పట్టుకుని వస్తున్న ఇంకో దెబ్బనూ చూపించింది. ఒకటి తేలిక. రెండోది బరువు.

“ఒక్కడు కాదు,” అంది. “ఇద్దరు. కొనేవాళ్ళ మనిషిని కూడా తెచ్చినట్టున్నాడు.”

రెండు జతల అడుగులూ తలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. ముల్లు నిలబడింది. షెడ్డులో ఎగురుతున్న రంపపు పొట్టు కూడా నిలబడినట్టు అనిపించింది. అరుంధతి రెండు చేతులూ చెవి మీద కప్పి, చెప్పులు గుమ్మం బయట విడిచి తన దగ్గర చదువుకున్న కుర్రాడు ఈ తలుపు అవతల ఉన్నాడని తెలిసి కూడా, వేళ్ళు వణక్కుండా లాకు మర బిగించడం మొదలుపెట్టింది.

ఆఖరి చుట్టు ఇంకా పూర్తి కాలేదు. తలుపు మీద మొదటి దెబ్బ పడింది.